సింగిల్ మాస్ ఫ్లైవీల్ అన్ని కార్లకూ సరిపోదు
ఫ్లైవీల్ అంటే ఇంజిన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రం; సింగిల్ మాస్ రకంలో అది ఒకటే, డ్యూయల్ మాస్ రకంలో రెండు ఉంటాయి. క్లచ్ మార్చేటప్పుడు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసేసి సింగిల్ మాస్ ఫ్లైవీల్ వేయించుకుంటే ఖర్చు కలిసివస్తుందని ఒక వ్యాసకర్త రాసిన మాటతో, కనీసం డీజిల్ కార్ల విషయంలో, నేను ఏకీభవించలేను. డ్యూయల్ మాస్ రకంలో రెండు చక్రాల మధ్య ఉండే పొడవాటి స్ప్రింగులు ఇంజిన్ కుదుపులు గేర్‌బాక్స్‌కు చేరకముందే చాలావరకు అణచివేస్తాయి. సింగిల్ మాస్ రకం వేస్తే ఆ పని క్లచ్ ప్లేటులోని చిన్న స్ప్రింగుల మీద పడుతుంది, అవి అంత భారం మోయలేవు. మా అన్నయ్య డీజిల్ కారుకు అలా మార్పించాక, న్యూట్రల్‌లో క్లచ్ పెడల్ వదిలితే గేర్‌బాక్స్ గలగలమనేది, నొక్కగానే ఆ చప్పుడు ఆగేది. క్లచ్‌తోపాటు ఫ్లైవీల్‌నూ ప్రతిసారీ మార్చాలని నేను అనడం లేదు. గేర్‌బాక్స్ దించినప్పుడే దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి, ఊపి, దాని వదులు (ఆట) తయారీదారు చెప్పిన పరిమితిలోనే ఉందా, గ్రీజు కారిందా, వేడికి నీలిమచ్చలు పడ్డాయా అని చూసి, బాగుంటే ఉంచుకోవచ్చు. సందేహం ఉంటే మాత్రం అప్పుడే కొత్తది వేయించడం మేలు, ఎందుకంటే తర్వాత అది పాడైతే మళ్లీ గేర్‌బాక్స్ దించక తప్పదు, ఆ కూలి మళ్లీ మొదటి నుంచి కట్టాల్సిందే. ఫ్యాక్టరీ నుంచే సింగిల్ మాస్ ఫ్లైవీల్‌తో వచ్చిన చిన్న పెట్రోల్ కార్లకు ఈ చిక్కు లేదు.