శిక్షణ రోజుల కూలి ఎవరు ఇవ్వాలి?

ఉగాది సంబరాల మరునాడు జరిగిన మన ప్రవాస తెలుగు సంఘం కార్యవర్గ సమావేశంలో, కావలిలో పేద స్త్రీలకు వంట వృత్తిలో శిక్షణ ఇప్పించాలన్న ప్రతిపాదన చదవగానే, "మన ఆడవాళ్లకు వంట మనం నేర్పాలా?" అని ఒకరు అన్నారు, సభ నవ్వింది, ప్రతిపాదన వాయిదా పడింది, బడులకు కంప్యూటర్ల పంపిణీ మాత్రం చప్పట్ల మధ్య ఆమోదం పొందింది. నవ్వినవారిలో చాలామంది నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారే, ముందు రాత్రి చేపల పులుసు కోసం రెండుసార్లు వరుసలో నిలబడినవారే.

కందుకూరు దగ్గరి మా ఊరిలో, నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ పెళ్లి వంటలకు కూలికి వెళ్లేది. తెల్లవారకముందే గాడిపొయ్యి పక్కన చేరి వంకాయలు తరిగేది, కొబ్బరి తురిమేది, చివరికి గుండిగలు తోమేది. బేరం కుదుర్చుకొనేదీ, పులుసులో ఉప్పు చూసేదీ, పెళ్లివారి చేత శాలువా కప్పించుకొనేదీ వంటమేస్త్రి. నువ్వే వంటలు ఒప్పుకోరాదా అని అడిగితే ఆవిడ, "ఇంట్లో పదిమందికి వండే చెయ్యి వేరు, వెయ్యి ఆకులకు వండే చెయ్యి వేరు నాయనా. బియ్యం ఎన్ని బస్తాలు, నూనె ఎన్ని డబ్బాలు అనే లెక్క కాడ మేస్త్రి నోరు విప్పడు" అన్నది. ఇంటి వంటను అమ్మ చేతి మహిమగా కొనియాడే మనం, ఆ చేతికి ఈ లెక్క దక్కనివ్వలేదు. సరుకుల అంచనా, ధర కట్టడం, వండిన పదార్థాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగానో 5 డిగ్రీల లోపు చల్లగానో నిలపడం, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేయించుకోవడం: ఇవేవీ పుట్టుకతో రావు.

వాషింగ్టన్‌లో రాబర్ట్ ఎగ్గర్ 1989లో నెలకొల్పిన డి.సి. సెంట్రల్ కిచెన్, మిగిలిన ఆహారాన్ని ఆకలిగొన్నవారికి చేర్చడంతో ఆగక, ఇల్లు లేనివారికీ జైలు నుంచి విడుదలైనవారికీ వంటశాల ఉద్యోగానికి తగిన పనితనం నేర్పుతోంది. దాన్ని మెచ్చుకొనేటప్పుడు మనలో ఎవరూ నవ్వరు.

ప్రభుత్వ పథకాలు లేవా అంటే ఉన్నాయి. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు భోజన వసతులతో ఉచితంగానే నేర్పుతాయి గాని, వాటికి వయోపరిమితి ఉంది. భర్త పోయి, పిల్లల చదువుల భారం మీద పడి, ఆ వయసు దాటాకే పనికి బయలుదేరే స్త్రీలు మన పల్లెల్లో తక్కువేమీ కారు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి ఇచ్చే పీఎం విశ్వకర్మ పథకం 2023లో 18 వృత్తులతో మొదలైంది. అందులో దండలు గుచ్చేవారు, చేపల వలలు అల్లేవారు ఉన్నారు, వంటవారు లేరు.

నేర్చుకున్నాక పని దొరుకుతుందా అన్న కోశాధికారి సందేహం న్యాయమైనదే. రాత్రి పొద్దుపోయేదాకా సాగే హోటల్ కొలువు చాలామందికి కుదరదు. అయితే ఒంగోలు, నెల్లూరులలో కర్రీ పాయింట్లు, హాస్టల్ మెస్సులు వీధివీధినా ఉన్నాయి. ముగ్గురు నలుగురు కలిస్తే చిన్న పెళ్లి వంటలు వారే ఒప్పుకోవచ్చు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. ప్రారంభోత్సవానికీ బ్యానర్లకూ కాక, నేర్చుకొనే రోజుల్లో పోయే కూలికి డబ్బు కేటాయించండి. ఇరవై మందికి 30 రోజులు, రోజుకు 500 చొప్పున 3 లక్షల రూపాయలు అవుతుంది. గాయకబృందం విమాన టిక్కెట్లకు మనం ఇంత వెనుకాడిన గుర్తు లేదు. వయసు పరిమితి పెట్టవద్దు. ఆషాఢంలో పెళ్లి వంటలు ఉండవు గనుక తరగతులు ఆ నెలలోనే పెడితే, మేస్త్రులతో పేచీ కూడా రాదు.