రాగి మందు సంగతి కూడా రాయాల్సింది

ఫ్రెంచి ద్రాక్ష రైతు నికోలా జోలీ మీద మీరు రాసిన వ్యాసం మనసుకు పట్టింది. బ్యాంకు ఉద్యోగం వదిలి, ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున అమ్మ చూసుకుంటున్న ద్రాక్షతోటకు వచ్చాక, సలహాదారు మాట విని ఆయన కలుపుమందు వాడారు. రెండేళ్లలోనే మట్టి రంగు మారింది, పురుగూ పుట్రా కనిపించకుండా పోయాయి. ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. మా నాన్న చెలకలోనూ అంతే, కలుపుమందు మొదలయ్యాక గడ్డపారతో పెళ్ళగించినా ఒక్క వానపాము తగిలేది కాదు. 1984 నాటికి జోలీ తన కూలే ద సెరాన్ తోట మొత్తాన్ని, సుమారు 7 హెక్టార్లు, బయోడైనమిక్ పద్ధతికి, అంటే రసాయన ఎరువులూ కలుపుమందులూ వాడని ఒక రకం సేంద్రియ సాగుకు, మార్చారు. అక్కడ పండేది షెనిన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్ష.

అయితే సేంద్రియం అంటే ఏ మందూ కొట్టరని చాలామంది అనుకుంటారు. వానలకు బూజు తెగులు వస్తే అక్కడి సేంద్రియ రైతుకు రాగి మందే ప్రధాన ఆధారం. మైలుతుత్తం, సున్నం కలిపి మనం కొట్టే బోర్డో మిశ్రమం 1880లలో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల్లోనే పుట్టింది. కానీ రాగి మట్టిలో పేరుకుపోతుంది. అందుకే యూరప్‌లో 7 ఏళ్లకు హెక్టారుకు 28 కిలోలు దాటకూడదని పరిమితి పెట్టారు. ముసురు పట్టిన ఏడాది ఆ లెక్కలో ఉంటూ గుత్తులు కాపాడుకోవడం ఎంత టెన్షనో! దాని మీద ఇంకో వ్యాసం రాయండి, దయచేసి.