మందుల చీటీకి అందని ఇల్లు

2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. వరద తీశాక బ్లీచింగ్ చల్లారు, వైద్య శిబిరాలు పెట్టారు, కొన్నాళ్లకు ఎత్తేశారు. శిబిరాలు ఎత్తేసినంత త్వరగా గోడలు ఆరవు. అద్దెకుండేవారు ఇల్లు తమది కాదని సున్నం వేయించుకోరు, అద్దె ఎలాగూ వస్తోంది కదా అని యజమానీ వేయించడు. ఆ చెమ్మకు పట్టిన బూజు మధ్య పడుకునే ఉబ్బసం పిల్లవాడికి ఎన్ని మందులు రాసిచ్చినా ఆయాసం తిరగబెడుతూనే ఉంటుంది.

విజయవాడ, గుంటూరులలో పేదల జబ్బుల్లో చాలావాటికి మూలం వారుండే ఇంట్లోనే ఉంది. ఆస్పత్రుల మీద పెట్టే ఖర్చును ఆరోగ్య వ్యయమంటాం. మురుగుకాల్వ మీద, కుళాయి గొట్టం మీద పెట్టేదాన్ని మాత్రం అలా అనం. ఈ లెక్క తప్పు.

2018 మార్చిలో పాత గుంటూరులో కలుషిత నీరు తాగి జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి ముప్పు ఇరుకు సందుల్లో ఎక్కడైనా ఉంది. చాలాచోట్ల ఇంటి కుళాయి గొట్టం మురుగుకాల్వలోంచే వస్తుంది. నీళ్లు వదిలినంతసేపూ లోపలి ఒత్తిడి మురుగును బయటే ఆపుతుంది. సరఫరా ఆగి గొట్టం ఖాళీ అయితే, బీటలు వారిన అతుకుల్లోంచి కాల్వ నీరు లోపలికి చేరుతుంది. ఎవరైనా నేరుగా గొట్టానికే మోటారు బిగిస్తే ఇంకా వేగంగా లాగుతుంది. మర్నాడు పొద్దున మొదటి బిందెలో పడేది ఆ నీరే. వాంతులు, విరేచనాలు మొదలయ్యాక ట్యాంకర్లు పంపడం, నీటి నమూనాలు తీయడం మనకు అలవాటైంది. గొట్టం మాత్రం కాల్వలోనే ఉంటుంది.

కొండవాలు ఇళ్లది మరో కథ. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. అక్కడ ఇళ్లెవరు కట్టుకోమన్నారన్న ప్రశ్న ప్రతి వానాకాలం వినిపిస్తుంది. దిగువన గది అద్దె భరించగలిగితే నిండు బిందె ఎత్తుకుని అన్ని మెట్లు ఎవరెక్కుతారు? నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుంటారు. డెంగీ దోమకు కావలసింది అలాంటి నిల్వ నీరే. మే నెలలో రేకుల కప్పు కింద పగలూ రాత్రీ ఉడికిపోవడం వేరే. పట్టా లేదు కాబట్టి గట్టిగా అడిగే ధైర్యమూ ఉండదు. నగరాల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2021లో మూడో ర్యాంకు తెచ్చుకున్న నగరమిది. ర్యాంకులిచ్చేవారు ఆ మెట్లు ఎంత వరకు ఎక్కారో!

అన్నిటికన్నా దారుణం, జబ్బు చేస్తే ఇల్లు పోతుందన్న భయం. క్షయకు మందులు ఉచితం. పోషకాహారానికి నెలకు ఇచ్చే రూ.500ను 2024 నవంబరులో రూ.1,000 చేశారు. మంచిదే. కానీ కిటికీ లేని ఒంటి గదిలో నలుగురు పడుకుంటే ఒకరి దగ్గు ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. సంగతి యజమాని చెవిన పడితే వచ్చే నెల ఖాళీ చేయాల్సిందే. అందుకే ఆశా కార్యకర్త గుమ్మంలోకి వస్తే కంగారు పడతారు, మందులు దాచుకుని మింగుతారు. ఆరు నెలల చికిత్స మధ్యలో గది మారితే కొత్త పేటలో మళ్లీ ఎవరినో వెతుక్కోవాలి. ఈలోగా మందు మానేస్తే జబ్బు మొండికేస్తుంది, మామూలు మందులకు లొంగదు.

ఆక్రమణల పేరిట కాల్వగట్ల మీది ఇళ్లు తొలగించినప్పుడూ ఇదే జరుగుతుంది. నగర శివారు జక్కంపూడిలోనో అడవితక్కెళ్లపాడులోనో ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇల్లు ఇవ్వడం గొప్పే. కూలి పనికి, ఆస్పత్రికి వెళ్లే బస్సు లేకపోతే తాళం వేసి మళ్లీ పాత పేటలోనే గది వెతుక్కుంటారు.

పట్టా తగాదా తేలేవరకు తాగునీరు, మురుగుపారుదల ఆపకూడదు. స్థలం హక్కు వేరు, శుభ్రమైన నీళ్ల హక్కు వేరు. గది మారిన క్షయ రోగి వివరాలు కొత్త పేట ఆరోగ్య కేంద్రానికి రోగి కంటే ముందే చేరాలి. ఇళ్లు తొలగించేముందు ఆ వాడలో చికిత్స పొందుతున్నవారి జాబితా తీయడం తప్పనిసరి చేయాలి. మురుగుకాల్వల్లోంచి వెళ్లే కుళాయి గొట్టాలు ఏయే వీధుల్లో ఉన్నాయో, వాటిని ఎప్పటిలోగా మారుస్తారో రెండు నగరపాలక సంస్థలూ వచ్చే వానాకాలానికి ముందే ప్రకటించాలి.