వైన్‌ల్యాండ్స్ ట్రిప్‌కు వెళ్దాం, పనివాళ్ల గురించి కూడా అడుగుదాం

ఎండలు మొదలయ్యే రోజుల్లో దక్షిణాఫ్రికాలోని మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఈసారి వైన్‌ల్యాండ్స్ ట్రిప్, అంటే కేప్‌టౌన్ దగ్గరి ద్రాక్షతోటల లోయలకు ట్రిప్, ఎప్పుడని. ఆ వెంటనే రిసార్టుల లింకులు, స్పా ప్యాకేజీలు, చాక్లెట్‌తో కలిపిన టేస్టింగ్ వివరాలు వచ్చి పడతాయి. ఇండియా నుంచి చుట్టాలు వచ్చినా అంతే. టేబుల్ మౌంటెన్, కేప్ పాయింట్ అయ్యాక మూడో రోజు ఫ్రాన్స్‌హుక్.

వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ లోయలంటే నాకు చాలా ఇష్టం. స్టెలెన్‌బాష్ నుంచి ఘాట్ రోడ్డు దాటి అవతలికి దిగుతుంటే ఒక పక్క సైమన్స్‌బర్గ్ కొండ, కింద వరసలుగా ద్రాక్షతోటలు, మధ్యలో తెల్లటి సున్నం వేసిన పాత డచ్ ఇళ్లు కనిపిస్తాయి. ఫ్రాన్స్‌హుక్‌లో 2012 నుంచి నడుస్తున్న వైన్ ట్రామ్ ఎక్కితే డ్రైవింగ్ టెన్షన్ ఉండదు, నచ్చిన ఎస్టేట్ దగ్గర దిగి తర్వాతి ట్రామ్ ఎక్కవచ్చు. మన ఇళ్లలో వైన్ తాగనివాళ్లు చాలామంది ఉంటారు. పిల్లలకు, పెద్దవాళ్లకు ద్రాక్షరసం టేస్టింగ్ పెట్టే చోట్లూ ఉన్నాయి. కుటుంబమంతా కలిసి ఒక రోజు హాయిగా గడపడానికి ఈ దేశంలో ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

నా బాధల్లా ఒక్కటే. గ్లాసులో ఉన్న వైన్ గురించి అన్నీ అడుగుతాం. ఏ ద్రాక్ష, ఏ సంవత్సరం, ఓక్ పీపాలో ఎన్నాళ్లు ఉంచారు? పినోటాజ్ అనే రకాన్ని 1925లో స్టెలెన్‌బాష్ ప్రొఫెసర్ పెరోల్డ్ రెండు రకాలు కలిపి పుట్టించాడని గైడ్ చెబితే శ్రద్ధగా వింటాం. కానీ ఆ ద్రాక్ష కోసినవాళ్లు ఎవరు, ఎక్కడ ఉంటారు, రోజుకు ఎంత వస్తుంది అని మనలో ఎవరూ అడగరు. వేరేవాళ్లు అడగకపోతే సరే అనుకోవచ్చు. తెలుగువాళ్లం మనం అడగకపోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. దానికి కారణం ఆ తోటల చరిత్రలోనే ఉంది.

కేప్‌లో మొదటిసారి ద్రాక్ష పిండి వైన్ తీసింది 1659 ఫిబ్రవరి 2న. డచ్ ఈస్టిండియా కంపెనీ కమాండర్ యాన్ వాన్ రీబెక్ దేవుడికి కృతజ్ఞత చెబుతూ ఆ సంగతి తన డైరీలో రాసుకున్నాడు. ఎస్టేట్లలో గోడల మీద, బ్రోషర్లలో ఆ తేదీ తరచూ కనబడుతుంది. దానికి సరిగ్గా ముందు ఏడాది, 1658లో, అంగోలా నుంచి, పశ్చిమాఫ్రికా తీరం నుంచి బానిసలను నింపుకుని ఓడలు కేప్‌కు వచ్చాయి. ఈ తేదీ మాత్రం బ్రోషర్లలో అరుదు. ఆ తర్వాత నూటయాభై ఏళ్లలో సుమారు 63,000 మందిని బానిసలుగా తెచ్చారని, వాళ్లలో దాదాపు నాలుగోవంతు భారత ఉపఖండం నుంచి వచ్చినవాళ్లేనని చరిత్రకారుల అంచనా. బెంగాల్, మలబార్, మన కోరమాండల్ తీరం. ఆ తీరంలో డచ్చివాళ్ల స్థావరాలు మచిలీపట్నం, పులికాట్. కరువు వచ్చి జనం తిండికి అల్లాడినప్పుడు అక్కడ మనుషుల కొనుగోలు జోరందుకునేది.

పులికాట్ అంటే మనకు సరస్సు, ఫ్లెమింగోలు, నేలపట్టు. ఆ సరస్సు ఒడ్డునే డచ్చివాళ్ల గెల్డ్రియా కోట ఉండేది. ఆ ఊరి పేరు ఇంటిపేరుగా మిగిలిన ఒక స్త్రీ కథ కేప్ రికార్డుల్లో ఉంది. ఆమె పేరు కాతరీనా వాన్ పలియకాట్, అంటే పులికాట్ కాతరీనా. ఒక హత్య కేసులో బటావియాలోని (నేటి జకార్తా) కంపెనీ కోర్టు ఆమెకు మరణశిక్ష వేసింది. తర్వాత దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చి 1657లో కేప్‌కు పంపింది. ఇక్కడి కోటలో కమాండర్ ఇంటి బట్టలు ఉతికింది. ఒక సిపాయి వల్ల ఆమెకు కొడుకు పుట్టాడు, క్రిస్టోఫెల్ స్నైమన్. ఆ కొడుకు పెళ్లాడింది ఫ్రాన్స్ నుంచి మతహింసకు పారిపోయి వచ్చిన హ్యూగనాట్ (ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్) కుటుంబంలో అమ్మాయిని. ఆమె తండ్రి జాక్ ద సావ్వా. 1688లో అతనికి దక్కిన భూమే నేడు పార్ల్, ఫ్రాన్స్‌హుక్‌ల మధ్య ఉన్న వ్రేడె ఎన్ లస్ట్ వైన్ ఎస్టేట్. ఈ దేశంలో ఇప్పుడు స్నైమన్ అనే ఇంటిపేరున్న వేలమందికి ఆ పులికాట్ స్త్రీ మూలపుటమ్మ.

ఇది తెలిశాక ఆ తోటలను మామూలు టూరిస్టులా చూడటం నావల్ల కాలేదు. ఫ్రాన్స్‌హుక్ అంటేనే ఫ్రెంచివాళ్ల మూల అని అర్థం చెబుతారు, హ్యూగనాట్ల స్మారకం దగ్గర ఫొటోలు తీయిస్తారు. కాన్‌స్టాన్షియాలో నెపోలియన్ సెయింట్ హెలెనాలో తాగిన తియ్యటి వైన్ ఇదేనంటారు. అవన్నీ నిజాలే, చెప్పనివ్వండి. కానీ కొన్ని పాత ఎస్టేట్ల ముంగిట్లో తెల్లటి గోపురంలో వేలాడే గంట ఉంటుంది, పెళ్లి ఫొటోలకు అందరూ దాని కింద నిలబడతారు. అది బానిసలను పనికి లేపిన గంట. వాళ్లకు యజమానులు నెలల పేర్లు పెట్టేవాళ్లు. ఈనాటికీ తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో సెప్టెంబర్, ఏప్రిల్, ఫెబ్రువారీ అనే ఇంటిపేర్లు వినబడతాయి. మనకు వైన్ పోసే అమ్మాయి బ్యాడ్జి మీద అలాంటి పేరు కనిపిస్తే దాని వెనక మూడొందల ఏళ్లకు పైబడిన కథ ఉందని మనకైనా తెలిసి ఉండాలి.

1834 డిసెంబరు 1న బానిసత్వం రద్దయింది. అయినా అప్రెంటిస్ అనే పేరు పెట్టి మరో నాలుగేళ్లు వాళ్లను ఆ యజమానుల దగ్గరే ఉంచారు. విడుదలయ్యాక వెళ్లడానికి భూమి లేదు. మళ్లీ ఆ తోటల్లోనే కూలి. ఆ కూలిలో కొంత డబ్బు రూపంలో కాకుండా వైన్ రూపంలో ఇచ్చేవాళ్లు. దీన్ని డాప్ పద్ధతి అంటారు. పొద్దున పనిలోకి దిగే ముందు ఒక డబ్బా, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఇంకొకటి. అమ్మడానికి పనికిరాని నాసిరకం వైన్. 1960ల్లో చట్టం దాన్ని నిషేధించింది. 1990ల దాకా కొన్ని తోటల్లో నడుస్తూనే ఉంది. తరాల తరబడి మనుషులను తాగుడుకు అలవాటు చేసిన ఫలితం ఇప్పటికీ పోలేదు. గర్భంలో ఉండగానే మద్యం వల్ల దెబ్బతిన్న పిల్లలు ప్రపంచంలో అత్యధికంగా నమోదైన ప్రాంతాల్లో ఈ వెస్టర్న్ కేప్ ఒకటి.

ఈ విషయం తెలుగువాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతో కలిసిన ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఎందుకు మూయించారో మనకు తెలుసు. కూలి డబ్బు ఇంటికి చేరకుండా సారాకే పోతుంటే పిల్లలకు ఏం పెట్టాలన్నది వాళ్ల ప్రశ్న. ఆ ఉద్యమం 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం తెప్పించింది. డాప్ వ్యవస్థ దానికంటే ఒక మెట్టు ఘోరం. సారా దుకాణానికి నడిచి వెళ్లాలి. ఇక్కడ యజమానే కూలి కింద చేతిలో పోసేవాడు.

ఇప్పటి సంగతి కూడా చూద్దాం. 2012లో హెక్స్ నది లోయలోని డె డోర్న్స్‌లో ద్రాక్ష కూలీలు సమ్మెకు దిగారు. అవి వైన్ కోసం కాక తినడానికి పండించే ద్రాక్షతోటలు, కానీ కూలీల బతుకు రెండు చోట్లా ఒకటే. అప్పటి కనీస వేతనం రోజుకు 69 రాండ్లు. వాళ్లు అడిగింది 150. హైవే మూసేశారు, తోటలు తగలబడ్డాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. చివరికి 2013 మార్చి నుంచి 105 రాండ్లు చేశారు. 2025 మార్చిలో దేశమంతటా కనీస వేతనం గంటకు 28.79 రాండ్లు అయింది. వారానికి 45 గంటలు పనిచేస్తే సుమారు 1,295 రాండ్లు. పేరున్న లగ్జరీ ఎస్టేట్లలో ఒక్క రాత్రి గది అద్దె పదివేల రాండ్లు దాటేవి ఉన్నాయి. అంటే ఒక కూలీ దాదాపు ఎనిమిది వారాల సంపాదన మనం ఒక రాత్రి నిద్రకు పెడుతున్నాం. పెట్టొద్దని అనను. కష్టపడి సంపాదించుకున్న డబ్బు, పెళ్లిరోజుకు ఒక మంచి గది తీసుకోవడం తప్పేమీ కాదు. పెట్టేటప్పుడు ఆ లెక్క తెలిసి పెడదాం.

సంఘంలో ఈ మాట ఎత్తినప్పుడు ఇద్దరు ముగ్గురు మంచి మిత్రులు అభ్యంతరం చెప్పారు. సెలవు రోజు హాయిగా గడపడానికి వెళ్తాం, అక్కడ కూడా చరిత్ర పాఠమా అని ఒకరు. అంత బాధగా ఉంటే అసలు వెళ్లడమే మానేయాలి కదా అని ఇంకొకరు. రెండోదానికి ముందు జవాబు చెబుతాను. మానేస్తే మొదట నష్టపోయేది కూలీలే. కోవిడ్ రోజుల్లో, 2020, 2021లలో, ప్రభుత్వం పలుమార్లు మద్యం అమ్మకాలు ఆపినప్పుడు ఏమైందో ఇక్కడున్న మనమంతా చూశాం. సెల్లార్లలో వైన్ నిల్వలు పేరుకున్నాయి, టేస్టింగ్ గదులు మూతబడ్డాయి, సీజన్ పని మీద బతికేవాళ్లకు పని లేకుండా పోయింది. అందుకని వెళ్లాలి, డబ్బు ఖర్చు పెట్టాలి. ఎక్కడ పెడుతున్నామో ఎంచుకోవాలి.

ఎంచుకోవడానికి చోట్లు ఉన్నాయి. వెల్లింగ్టన్‌లో బాస్‌మన్ కుటుంబం తమ కంపెనీలో కార్మికుల ట్రస్టుకు వాటా ఇచ్చింది. థాండీ ప్రపంచంలోనే ఫెయిర్‌ట్రేడ్ (పండించేవాళ్లకు న్యాయమైన ప్రతిఫలం దక్కేలా చూసే) గుర్తింపు పొందిన మొదటి వైన్ బ్రాండ్. స్టెలెన్‌బాష్‌లో ఎన్‌ట్సికీ బియేలా అస్లీనా అనే పేరుతో తన వైన్ చేస్తోంది. ఆమెది క్వాజులు-నటాల్ పల్లెటూరు. స్కాలర్‌షిప్ వచ్చి 1999లో వైన్ తయారీ చదవడానికి స్టెలెన్‌బాష్‌కు వచ్చేదాకా వైన్ రుచే తెలియదు. క్లాసులేమో ఆఫ్రికాన్స్‌లో, ఆ భాష రాదు. ఈ దేశంలో వైన్‌మేకర్ అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమే, అస్లీనా ఆమె అవ్వ పేరు. మన అమ్మాయిలకు చెప్పదగ్గ కథ ఇది. మనవాళ్లలో ఎవరో మొదటి తరం చదువుకున్న పిల్ల ఇంగ్లీషు మీడియం కాలేజీలో పడిన అవస్థే, ఇంకా ఎక్కువ. ఇవేవీ కాకపోయినా సీసా మీద వైటా ముద్ర ఉందో లేదో చూడొచ్చు. వేతనాలు, ఇళ్లు, పని పరిస్థితులు తనిఖీ చేసి ఇచ్చే ముద్ర అది. అన్ని సమస్యలూ దాంతో తీరిపోవు, కానీ అసలు లేనిదానికంటే నయం. మనం ముప్ఫై మంది కలిసి బుకింగ్‌కు ఫోన్ చేసి మీకు ఆ ముద్ర ఉందా, కార్మికులు తోటలోనే ఉంటారా, వాళ్ల ఇళ్లకు భద్రత ఉందా అని అడిగితే అవతల మేనేజర్ వింటాడు. ముప్ఫై మంది భోజనాల ఆర్డర్ ఎవరూ తేలిగ్గా వదులుకోరు.

ఇక సెలవులో పాఠం ఎందుకన్నదానికి నా జవాబు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ డర్బన్‌లో ఆగినప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది భారతీయులు ఒప్పందకూలీలుగా నటాల్‌కు (డర్బన్ ఉన్న ప్రాంతానికి) వచ్చారు. విశాఖపట్నం, గంజాం, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు వాళ్లలో ఉన్నాయి. చెరకుతోటల్లో వాళ్లనూ గంట కొట్టే పనికి లేపారు. నాయుడూ, రెడ్డి అనే ఇంటిపేర్లతో వాళ్ల మనవలు, మునిమనవలు మన పండగలకు వస్తారు, మన కొత్తగా వచ్చిన ఐటీ కుటుంబాల పక్కన కూర్చుని భోంచేస్తారు. ఆ పెద్దవాళ్లను మనం భోజనాల దాకానే పిలుస్తున్నాం, ట్రిప్పులకు పిలవడం లేదు. చెరకు తోట బ్యారక్ కథలు అమ్మమ్మల నోట విన్నవాళ్లు ద్రాక్ష తోట కూలీ ఇంటి ముందు నిలబడితే వాళ్లకు కనిపించేది మనకు కనబడదు. వాళ్లు పక్కనుంటే అది పాఠంలా ఉండదు, మాటల్లో సాగిపోతుంది.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం. వచ్చే ట్రిప్‌లో ఒక పూట మార్చండి. పొద్దున్నే కంపెనీ తన బానిసలను ఉంచిన కేప్‌టౌన్ స్లేవ్ లాడ్జ్ మ్యూజియం, అదే దారిలో గ్రూట్ కాన్‌స్టాన్షియాలో పాత ఇంట్లోని ప్రదర్శన చూద్దాం. ఆ ఇంటి గోడల మధ్య బానిసల చరిత్ర కూడా పెట్టారు. మధ్యాహ్నం టేస్టింగ్‌కు కార్మికులకు వాటా ఉన్న ఎస్టేట్ ఒకటి చూద్దాం, అక్కడే భోజనం. తాగని వాళ్లకు ద్రాక్షరసం ముందే చెప్పి పెట్టించాలి, వాళ్లను కారులో కూర్చోబెట్టి వెయిట్ చేయించకూడదు. డర్బన్ పెద్దల్లో రాగలిగినవాళ్లకు బస్ చార్జీ సంఘం భరించాలి. టిప్ నగదుగా, సర్వ్ చేసినవాళ్ల చేతికే ఇవ్వాలి. ఆ రోజు తీసిన ఫొటోల కింద ఎస్టేట్ పేరుతో పాటు మనతో మాట్లాడిన పనివాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు కూడా వచ్చే సంచికలో వేద్దాం. ఆ పేజీ నేను తయారుచేస్తాను.