సోమవారం పల్లీలు

నల్లగొండలో నాలాంటి ఆక్యుపేషనల్ థెరపిస్టు (గుండీ పెట్టుకోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు చేతికి అలవాటు చేయించే మనిషి) అపాయింట్‌మెంట్ ఇస్తే ఇవ్వొచ్చు గానీ, టైమ్ ఇచ్చేది మాత్రం ఆర్టీసీ బస్సే. దేవరకొండ వాళ్లకు మంగళవారం, మునుగోడు వాళ్లకు గురువారం అని నేను వారమంతా సర్ది పెడతాను. అందరూ సరేనని తల ఊపి, సోమవారం వస్తారు. ఆ రోజు కలెక్టరేట్‌లో ప్రజావాణి కదా! అర్జీ ఇచ్చి, మందులు కొని, పనిలో పనిగా పక్షవాతం వచ్చిన చెయ్యి చూపించుకొని పోతారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. దాంతో ఒక్క పేషెంటు వెంట ముగ్గురు దిగుతున్నారు. రిజిస్టర్లో పేరు ఒకటే, నచ్చజెప్పాల్సింది నలుగురికి.

ఈ లెక్క పైవాళ్లకు ఎక్కదు. పేషెంట్లు ఎందరని అడుగుతారే తప్ప, ఒక్క చొక్కా గుండీ పెట్టించడానికి ఎంతసేపు పడుతుందని అడగరు.

మొన్న అంతే. తాత కుడిచేత్తో గుండీతో కుస్తీ పడుతుంటే, అవ్వ చూడలేక గబగబా అన్నీ తనే పెట్టేసింది.

"నేనుండంగ ఆయనకెందుకు బిడ్డా గీ తిప్పలు?"

"నువ్వు ఊరికి పోతే ఎట్ల అవ్వా?"

"ఆయన్ని తోల్కపోత. నాకైతే టికెట్ లేదు గద!"

ఇంతలో గురువారం రావాల్సిన పిల్లవాడు దిగాడు. పెన్సిల్ పట్టు కుదరక రాతకు ఏడ్చే తొమ్మిదేళ్ల వాడు. బయట ఇంకా క్యూ ఉంది. ఇద్దరినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, పల్లీలు, శనగలు కలిపిన పళ్లెం ముందు పెట్టాను. బొటనవేలు, చూపుడువేలుతో ఒక్కొక్కటి ఏరి వేరు చెయ్యాలి. సరిగ్గా అప్పుడే నెల స్టేట్‌మెంట్ ఏదని పైనుంచి ఫోన్.

మాట్లాడి తిరిగి చూస్తే పళ్లెంలో శనగలే ఉన్నాయి. ఏరడం బ్రహ్మాండంగా అయింది. పల్లీలే లేవు. పిల్లవాడి దవడ ఆడుతోంది. ఛాతీ దాటి పైకి లేవని తాత కుడిచెయ్యి నోటి దగ్గర ఉంది. చొక్కా నిండా ఎర్ర పొట్టు. కేస్ షీట్‌లో "చెయ్యి నోటిదాకా వచ్చింది" అని సంబరంగా రాశాను. స్టాక్ రిజిస్టర్లో ఏం రాయాలో తోచలేదు. తర్వాతి పేషెంటేమో ఖాళీ పళ్లెం వంక చూస్తున్నాడు.

అవ్వ లేస్తూ నా చెవిలో చెప్పింది: "వచ్చేసారి పచ్చివి పెట్టకు బిడ్డా, ఏంచి పెట్టు. బెల్లం నేను తెస్త."