'ఇలాంటివే మరికొన్ని' గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ 'ఇలాంటివే మరికొన్ని' వరుస గారికి నమస్కరించి వ్రాయునది.

మీరు కుశలమేనని నాకు తెలుసు. ఏదైనా చూడటం అయిపోగానే 'ఇవి కూడా చూడండి' అంటూ, రాత్రి రెండింటికి కూడా టీవీ తెర అడుగున నిలబడే ఉంటారు. కుశలంగా లేనిది నేనే.

పోయిన శనివారం 'మిడ్‌నైట్ డైనర్' మొదటి ఎపిసోడ్ చూశాను. 2009లో జపాన్‌లో మొదలైన సిరీస్. టోక్యోలోని షింజుకులో ఓ సందు, అందులో చిన్న హోటల్. అర్ధరాత్రి తెరిచి పొద్దున ఏడింటికి మూసేస్తారు. మెనూలో ఉండేది పంది మాంసం సూపుతో ఒక్క భోజనం, కాస్త మందు. సరుకులుంటే మాత్రం ఏది అడిగినా అది నడిపే 'మాస్టర్' చేసిపెడతాడు. ర్యూ అనే యాకుజా రౌడీ ఎర్ర సాసేజ్‌లు తింటాడు. గే బార్ నడిపే కొసుజు తియ్యటి గుడ్డు అట్టు తింటాడు. ఒకరి ప్లేట్లోది ఒకరు రుచి చూస్తారు. పైకి చూస్తే అంతే, నాకేమో గొంతు పట్టేసింది.

ముక్కు తుడుచుకునేలోపే మీరు 'సాలిటరీ గుర్మే' తెచ్చి పెట్టారు. మంచి సిరీసే, కాదనను. 2012లో మొదలైంది. గోరో అనే విదేశీ సరుకుల వ్యాపారి పని మధ్యలో ఆకలేసి ఏదో హోటల్లో దూరతాడు. ఒక్కడే తింటాడు, ముద్దముద్దకీ మనసులోనే మాట్లాడుకుంటాడు. పక్క బల్ల మీద ఎవరున్నారో, వాళ్ల కష్టమేంటో ఆయనకి పట్టదు. ఆ ఏకాంతమే దాని అందం. కానీ నేను ఏడ్చింది పక్క బల్ల మనిషి కోసం కదండీ! మీకు రెండింట్లోనూ అన్నం గిన్నె కనబడింది, అంతే. పెళ్లికీ తద్దినానికీ గారెలే వేస్తారు, అలాగని పెళ్లివారిని తద్దినానికి పిలుస్తామా?

మా బాబాయి సంగతీ అంతే. బ్యాంకులో రిటైరయ్యాడు. 'హంజావా నవోకి' అనే బ్యాంకు సిరీస్‌లో పై అధికారి మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణగా నేలకి తల ఆనించే సీను చూసి లేచి చప్పట్లు కొట్టాడు. 2013లో ఆ చివరి ఎపిసోడ్‌కి టోక్యో ప్రాంతంలో 42.2 శాతం రేటింగ్ వచ్చిందంటే, అలాంటి బాబాయిలు అక్కడ ఎందరో లెక్కేసుకోండి. మీరేమో ఆయనకి బ్యాంకు దోపిడీ సినిమాలు చూపించారు! జీవితాంతం బ్యాంకుని కాపాడిన మనిషికి! 'హంజావా' రచయిత ఇకెయిదో జున్ కథతోనే 'షితామాచి రాకెట్' ఉంది. చిన్న ఫ్యాక్టరీ వాళ్లు రాకెట్ వాల్వ్ చేసి పెద్ద కంపెనీ ముందు తల వంచకుండా నిలబడతారు. బాబాయికి కావలసింది బ్యాంకు కాదు, ఆ తల వంచకపోవడం.

నాకు దారి చూపించింది మా అక్క. ఫోన్లో ఒక్క ముక్క అడిగింది: "ఎక్కడ ఏడ్చావే?" చెప్పాను. "అయితే 'క్వార్టెట్' చూడు" అంది. 2017 నాటిది. సంగీతంలో పైకి రాలేకపోయిన నలుగురు కరుయిజావా అనే ఊళ్లో ఒకే ఇంట్లో ఉంటారు. వేయించిన చికెన్ మీద అడక్కుండా నిమ్మకాయ పిండారని పెద్ద తగాదా. మూడో ఎపిసోడ్‌లో కట్లెట్ అన్నం తింటూ ఒకావిడ రెండో ఆవిడతో అంటుంది, ఏడుస్తూ అన్నం తిన్నవాళ్లు బతికేయగలరని. ర్యూ, కొసుజు కూర్చునే బల్ల మీద ఈ ఇద్దరికీ చోటుంటుంది. గోరో గారు మాత్రం తినేసి, డబ్బులిచ్చి వెళ్లిపోతారు.

అది ముగియగానే మీరు చూపించింది 'వారంలో వయొలిన్ నేర్చుకోండి'.

ఇట్లు,
మీ లెక్కలో మీకు 97 శాతం అర్థమైన
ప్రేక్షకురాలు