39 ఆటలతో ఆగిన యుద్ధ నాటకం: ఓడింది రచన కాదు, వేదిక

సోవియట్ రచయిత కాన్‌స్టాంటిన్ సిమనోవ్ యుద్ధ నాటకం 'రష్యన్ ప్రజలు' గురించి మాట్లాడితే చాలు, అమెరికాలో 39 ప్రదర్శనలకే మూతపడిందన్న మాట వస్తుంది. 1942 డిసెంబరు 29న న్యూయార్క్‌లో మొదలై, జనవరి 30న ఆగిపోయింది. అంతమాత్రాన నాటకం పసలేనిదని తేల్చేయడం అన్యాయం. దాన్ని తీసుకెళ్లిన చోటే తప్పు.

1942 జూలైలో, జర్మన్ సేనలు స్టాలిన్‌గ్రాడ్ వైపు దూసుకొస్తుండగా, సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా ఈ నాటకాన్ని వరసగా అచ్చువేసింది. చుట్టుముట్టిన శత్రువు మధ్య ఒక చిన్న దళం, బండి నడిపే వాల్యా, తప్పుడు సమాచారంతో జర్మన్లను నమ్మించడానికి పాట పాడుకుంటూ చావుకు ఎదురెళ్లే గ్లోబా. అక్కడ నాటకం చూడటానికి వచ్చినవాళ్లకు ఇది కథ కాదు. తమ ఇంట్లో మనిషి ఆ రోజు ఎక్కడ ఉన్నాడో తెలియని జనం వాళ్లు.

ఐదు నెలలు తిరిగేసరికి థియేటర్ గిల్డ్ అనే నాటక సంస్థ దీన్ని న్యూయార్క్‌లోని వ్యాపార రంగస్థలం బ్రాడ్‌వేకి తెచ్చింది. అమెరికన్ రంగస్థల ప్రతి అక్కడి నాటక రచయిత క్లిఫర్డ్ ఓడెట్స్‌ది, దర్శకత్వం హెరాల్డ్ క్లర్మన్‌ది. సంభాషణల్లో ప్రచార ధోరణి ఎక్కువని, హడావుడిగా రాశారని అనేవాళ్లున్నారు. కొంత నిజమే. కానీ నెత్తిమీద యుద్ధం పెట్టుకుని రాసినదాంట్లో నగిషీలు వెతికితే ఎలా?

నన్ను బాధించేది ఓడెట్స్ విషయం. 1935లో ఇదే ఓడెట్స్ టాక్సీ డ్రైవర్ల సమ్మె మీద 'వెయిటింగ్ ఫర్ లెఫ్టీ' రాశాడు. తొలి ప్రదర్శనలోనే ప్రేక్షకులు 'సమ్మె, సమ్మె' అని అరిచారు. ఆ తర్వాత అది ఊరూరా కార్మికుల మధ్యకు వెళ్లింది. సెట్టింగులు దాదాపు అక్కర్లేదు, ఖర్చు తక్కువ, ఎవరైనా ఆడొచ్చు. ఆ దారి తెలిసిన మనిషి చేయి పడిన నాటకాన్నే టికెట్ల లెక్క మీద నడిచే హాల్లో కట్టిపడేశారు. యుద్ధ సామగ్రి తయారుచేసే ఫ్యాక్టరీల దగ్గర, యూనియన్ హాళ్లలో ఆడాల్సిన నాటకం అది. అక్కడ ఆడి ఉంటే 39 దగ్గర ఆగేది కాదని నా గట్టి నమ్మకం. న్యూయార్క్‌లో తెర దించిన మూడు రోజులకే స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ల లొంగుబాటు పూర్తయింది!

ఈ సంగతి మనకు తెలియనిది కాదు. అదే 1940లలో వామపక్ష నాటక సంస్థ ప్రజానాట్యమండలి పుట్టింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' నాటకం పల్లెల్లోకి వెళ్లింది. రైతుల మధ్య తెలంగాణ రైతు పోరాటాన్ని ఆడింది. దాని బలం ఏమిటో మద్రాసు ప్రభుత్వానికి బాగా అర్థమైంది కాబట్టే నిషేధించింది.

ఇప్పుడు మన నాటకం పరిషత్తు పోటీలకు తయారవుతోంది, న్యాయనిర్ణేతల మార్కులకు టెన్షన్ పడుతోంది. ఎంత మంచి నాటకమైనా పోటీలు అయిపోగానే మూలనపడుతోంది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ నాటకానికి నిజంగా సాయం చేయాలనుకుంటే బహుమతుల సొమ్ములో సగం బస్సు ఛార్జీలకు, ఊళ్లలో భోజనాలకు ఇవ్వాలి. ఏడాదిలో ఎన్ని ఊళ్లు తిరిగారో చూసి నాటక సమాజాలకు గ్రాంటు పెంచాలి.